ఆఫీసులో ఇంక్లూజన్ (అందరినీ కలుపుకుపోయే) పనులు ఫలించాయో లేదో కొలవడం ఎలా?

హైదరాబాద్‌లో నేను హెచ్‌ఆర్‌లో పనిచేసిన ఒక ఆఫీసులో, నాలుగో అంతస్తులో పసిపిల్లల తల్లుల కోసం ఒక గది పెట్టాం. మెత్తటి కుర్చీ, చిన్న ఫ్రిజ్, కర్టెన్, లోపల గడియ, అన్నీ సమకూర్చాం. ఏడాది గడిచాక మేనేజ్‌మెంట్ ఆ గది తాలూకు రిజిస్టర్ తెప్పించుకుని చూసింది. మొత్తం మూడే సంతకాలు. "ఎవరికీ అవసరం ఉన్నట్టు లేదు, స్టోర్ రూమ్ చేసేద్దాం" అన్నారు.

సెలవు ముగించుకుని వచ్చి నాలుగు నెలలైన ఒక అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. "తాళం చెవి కింద సెక్యూరిటీ అన్న దగ్గర ఉంటుంది అక్కా. తీసుకోవాలంటే రిజిస్టర్‌లో పేరు, టైమ్, కారణం రాయాలి. కారణం అన్న గడిలో నన్నేం రాయమంటారు?" అంది. రోజూ మధ్యాహ్నం బాత్‌రూమ్‌లో నిలబడి పాలు పిండి పారబోస్తోందట.

మర్నాడే తాళం, రిజిస్టర్ రెండూ తీసేయించాం. మరి వాడకం తెలిసేదెలా? ఫ్రిజ్ మీద లేబుళ్ల కట్ట ఒకటి పెట్టాం, సీసా మీద అతికించుకోవడానికి. నెలాఖరున ఎన్ని మిగిలాయో లెక్కపెడదామనుకున్నాం. నెల తిరగకముందే కట్ట అయిపోయింది.

గది ఎప్పుడూ బాగానే ఉంది. మేం కొలిచిన తీరే మనుషుల్ని దూరం పెట్టింది. మీ ఆఫీసులో కూడా మహిళా దినోత్సవం, దివ్యాంగుల దినోత్సవం, శిక్షణ తరగతులు జరుగుతూ ఉంటాయి. వాటివల్ల ఎవరికి ఏం మారిందో చెప్పమంటే మాత్రం ఫొటోలు చూపించాల్సి వస్తోందా? అయితే కింది అడుగులు వరుసగా వేయండి. యాభై మంది ఉన్న ఆఫీసులోనైనా, రెండు వేల మంది ఉన్న చోటనైనా ఇవి పనికొస్తాయి.

1. ఒక పనిని, దానివల్ల రావాల్సిన ఒక మార్పును ఎంచుకోండి

"మా కంపెనీలో ఇంక్లూజన్ ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: ఎవరి కోసం చేస్తున్నాం, వాళ్లకు ఏం మారాలి, ఎప్పటికల్లా మారాలి. మూడూ నింపలేకపోతే ఆ పని ఎందుకు చేస్తున్నామో మనకే స్పష్టంగా తెలియదన్నమాట. ముందు అది తేల్చుకోండి.

"శిక్షణకు 300 మంది హాజరయ్యారు" అనేది మనం చేసిన పని. "ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లు ఏడాది తర్వాత కూడా ఉద్యోగంలో ఉన్నారు" అనేది వాళ్లకు జరిగిన మార్పు. రిపోర్టులో రెండూ ఉండొచ్చు, కానీ మొదటిదాన్ని రెండోదాని స్థానంలో పెట్టకూడదు.

2. పని మొదలవకముందే ఇవాళ్టి లెక్క రాసిపెట్టుకోండి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కార్యక్రమం పూర్తయ్యాక "ముందు ఎలా ఉండేది?" అని వెతికితే ఏమీ దొరకదు. అందుకే కనీసం గత రెండేళ్ల లెక్క ముందుగా తీసి, తేదీ వేసి భద్రపరచండి.

ఇందుకు కొత్తగా సేకరించాల్సింది తక్కువే. పే రోల్, నియామకాల ఫైలు, ప్రమోషన్ల జాబితా, రాజీనామాలు మీ దగ్గరే ఉంటాయి. చట్టాలు అడిగేవి కూడా ఉన్నాయి. పది మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న చోట 2013 నాటి పోష్ చట్టం (పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే చట్టం) కింద అంతర్గత కమిటీ ఉండాలి, అది ఏటా రిపోర్టు ఇవ్వాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం సంస్థకు సమాన అవకాశాల విధానం రాతపూర్వకంగా ఉండాలి. షేర్ మార్కెట్‌లో నమోదైనవాటిలో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పినట్టు, బీఆర్‌ఎస్‌ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇస్తున్నాయి. అందులో పేరెంటల్ సెలవు తర్వాత ఎంతమంది తిరిగొచ్చారు, ఎంతమంది నిలబడ్డారు, స్త్రీ పురుషుల జీతాల మధ్యగతం (వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండే జీతం) ఎంత అన్నవి అడుగుతారు. మీ కంపెనీ ఆ జాబితాలో లేకపోయినా ఆ ఫార్మాట్ వాడుకోవచ్చు. పెద్ద కంపెనీలు ఆ లెక్కల్ని బయటపెడతాయి కాబట్టి పక్కన పెట్టి పోల్చుకోవడానికీ వీలుంటుంది.

3. నియామకాల్లో ఏ మెట్టు దగ్గర ఎవరు ఆగిపోతున్నారో చూడండి

"ఈ ఏడాది చేరినవాళ్లలో 30 శాతం మహిళలు" అన్న ఒక్క అంకెతో సరిపెట్టుకోవద్దు. దరఖాస్తు, రెజ్యూమె వడపోత, మొదటి ఇంటర్వ్యూ, చివరి ఇంటర్వ్యూ, ఆఫర్, చేరిక. ఒక్కో మెట్టు దగ్గర ఎంతమంది మిగిలారో విడివిడిగా రాయండి.

ఒక ఊహా లెక్క చూద్దాం. 200 మంది పురుషులు దరఖాస్తు చేస్తే 40 మందికి ఉద్యోగం వచ్చింది, అంటే 20 శాతం. 60 మంది మహిళలు దరఖాస్తు చేస్తే ఆరుగురికి వచ్చింది, అంటే 10 శాతం. రెండో శాతం మొదటిదానిలో సగమే. అమెరికాలో 1978 నుంచి ఒక కొండగుర్తు వాడుతున్నారు. ఒక వర్గం ఎంపిక శాతం, ఎక్కువగా ఎంపికైన వర్గం శాతంలో ఐదింట నాలుగు వంతుల కన్నా తగ్గితే అక్కడ ఏదో ఉందని అనుమానించి వెతుకుతారు. మనకది చట్టం కాదు, కానీ ఎక్కడ తవ్వాలో చెప్పడానికి బాగా పనికొస్తుంది.

మెట్టు తెలిశాక కారణం వెతకడం తేలిక. వడపోత దాకా ఇద్దరిదీ సమానంగా ఉండి చివరి ఇంటర్వ్యూలో మహిళలు తగ్గిపోతుంటే, ఆ గదిలో ఏం అడుగుతున్నారో చూడండి. "పెళ్లయిందా? పిల్లలున్నారా? నైట్ షిఫ్ట్‌కి ఇంట్లో ఒప్పుకుంటారా?" అన్న ప్రశ్నలు మన దగ్గర ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి.

రిఫరల్స్‌ను తప్పకుండా విడిగా లెక్కపెట్టండి. ఉద్యోగులు తమకు తెలిసినవాళ్లనే తెస్తారు కదా. అంటే అదే కాలేజీ, అదే ఊరివైపు, చాలాసార్లు అదే కులం. ఎవరూ చెడు ఉద్దేశంతో చేయరు, కానీ ఫలితం మాత్రం ఒకే రకం మనుషులతో నిండిన టీమ్. కొత్తగా చేరినవాళ్లలో రిఫరల్ వాటా ఎంత, వాళ్లు ఎన్ని కాలేజీల నుంచి, ఎన్ని జిల్లాల నుంచి వచ్చారు అన్నది ఏటా రాయండి. కులం గురించి ఒక్క ప్రశ్న అడగకుండానే మీ తలుపు ఎంత వెడల్పుగా తెరిచి ఉందో తెలుస్తుంది.

4. ఎవరు నిలబడుతున్నారు, ఎవరు పైకి వెళ్తున్నారు

నా దృష్టిలో అన్నిటికన్నా నిజం చెప్పే లెక్క ఇదే. సర్వేలో మొహమాటానికి "బాగుంది" అని రాసినవాళ్లు కూడా కాళ్లతో నిజం చెప్పి వెళ్లిపోతారు.

ప్రసూతి సెలవుతో మొదలుపెట్టండి. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల సెలవు ఉంది. సెలవు తీసుకున్నవాళ్లెందరు, తిరిగొచ్చినవాళ్లెందరు, వచ్చిన పన్నెండు నెలలకు ఇంకా ఉన్నవాళ్లెందరు అని మూడు అంకెలు రాయండి. మొదటి రెండూ దగ్గరగా ఉండి మూడోది పడిపోతే, తప్పు సెలవులో కాదు, తిరిగొచ్చాక జరుగుతున్నదాంట్లో ఉంది. అదే సవరణ ప్రకారం 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. క్రెష్ ఉందా అని అడిగి ఆగిపోకండి. ఆ నాలుగుసార్లూ నిజంగా వెళ్లగలుగుతున్నారా, లేచిన ప్రతిసారీ ఎవరైనా గడియారం వైపు చూస్తున్నారా అని అడగండి.

తర్వాత అప్రైజల్ రేటింగ్‌లు, అంటే ఏటా పనితీరు చూసి ఇచ్చే మార్కులు. సెలవు తీసుకున్న ఏడాది ఆర్నెల్లే పనిచేసిన మనిషిని పన్నెండు నెలలు పనిచేసినవాళ్లతో పోలిస్తే రేటింగ్ పడిపోతుంది. సెలవుకు ముందు ఏడాది రేటింగ్, తర్వాతి ఏడాది రేటింగ్ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరిద్దరికి తగ్గితే వాళ్ల పని కావచ్చు, వరుసగా అందరికీ తగ్గుతుంటే లోపం మీ పద్ధతిలో ఉంది.

జీతాల్లో సగటును నమ్మకండి. ఒక పెద్ద జీతం మొత్తం సగటును పైకి లాగేస్తుంది. ఒకే గ్రేడు, దగ్గర దగ్గర అనుభవం ఉన్నవాళ్ల జీతాలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా పేర్చి, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి. తొమ్మిది మంది ఉంటే ఐదోది. దాన్నే మధ్యగతం అంటారు. స్త్రీలకు, పురుషులకు విడిగా తీసి పోల్చండి. తేడా ఉంటే అది చేరినప్పటిదా, ఏటా ఇంక్రిమెంట్లలో పెరిగిందా అన్నది కూడా తేల్చండి. మొదటిదాన్ని ఆఫర్ లెటర్ల దగ్గర సరిచేయాలి, రెండోదాన్ని అప్రైజల్ గదిలో.

5. టేపు తీసుకుని నడవండి

దివ్యాంగుల కోసం చేసిన ఏర్పాట్లను కంప్యూటర్ ముందు కూర్చుని కొలవలేం. ర్యాంప్ ఉందని చెక్‌లిస్ట్‌లో టిక్ పెట్టినంత మాత్రాన వీల్‌చైర్ ఎక్కదు. ర్యాంప్ వాలు 1:12 మించకూడదు. అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. మీ ఆఫీసు ముందు 45 సెంటీమీటర్ల ఎత్తున మూడు మెట్లు ఉంటే ర్యాంప్ కనీసం 5.4 మీటర్లు ఉండాలి. కొలిచి చూడండి. రెండు మీటర్ల పలక వేసి ర్యాంప్ అని పిలుస్తున్న చోట్లు నేను చాలా చూశాను. దానిమీద వీల్‌చైర్‌ను ఇద్దరు పట్టుకుని తోయాలి, దిగేటప్పుడు మనిషి ముందుకు తూలిపోతాడు. తలుపు తెరిస్తే దారి 900 మిల్లీమీటర్లు వస్తోందా, లిఫ్ట్ ఏ అంతస్తులో ఆగిందో గొంతుతో చెబుతోందా, వీల్‌చైర్ బాత్‌రూమ్‌లో చీపుర్లు, బకెట్లు పెట్టేశారా, ఇవన్నీ చూసి రాయండి. వీలైతే ఆ సౌకర్యం వాడేవాళ్లనే వెంట నడవమని అడగండి. వాళ్లు ఒప్పుకుంటే ఆ సమయం పనిగంటల్లోనే లెక్కపెట్టండి.

ఇంకో మంచి కొలత ఉంది: అడిగిన రోజు నుంచి అందిన రోజు దాకా ఎన్ని రోజులు పట్టింది. చూపు లేని ఉద్యోగి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కావాలన్నాడనుకోండి. ఎన్‌వీడీఏ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికి ఐటీ విభాగం అనుమతికే మూడు వారాలు పడితే ఆ మూడు వారాలూ అతను ఖాళీగా కూర్చోవాలి, పైగా పని రాదన్న పేరు మోయాలి. ప్రతి విన్నపానికీ అడిగిన తేదీ, అందిన తేదీ, కాదంటే కారణం రాసిపెట్టండి. మూడు నెలలకోసారి చూడండి, ఆ రోజులు తగ్గాలి.

6. అడగండి, కానీ జవాబు చెప్పేవాళ్లకు భయం లేకుండా

సర్వే లేకుండా కుదరదు. పే రోల్‌లో కనిపించనిది అందులోనే దొరుకుతుంది. ప్రశ్నలు పదికి మించొద్దు. ఒక ప్రశ్నలో రెండు విషయాలు ఇరికించొద్దు. "మీ మేనేజర్ గౌరవంగా, న్యాయంగా ఉంటారా?" అంటే గౌరవం ఇచ్చి న్యాయం చేయని మేనేజర్ కింద ఉన్నవాళ్లు ఏం రాయాలి? ఇలాంటివి అడగండి:

- మీటింగ్‌లో అందరితో విభేదించాల్సి వచ్చినా నా మాట చెప్పగలుగుతున్నాను.
- గత మూడు నెలల్లో నేను చెప్పిన సూచన కనీసం ఒకటి అమలైంది.
- నాకు ఏదైనా సౌకర్యం కావాలంటే ఎవరిని అడగాలో తెలుసు.
- నా ఇంటిపేరో ఊరో అడిగి, నా కులమేంటో తెలుసుకోవాలని ఎవరైనా చూశారు.
- నా లంచ్ బాక్స్ అందరి ముందు తెరవడానికి సంకోచించిన రోజులున్నాయి.

చివరి రెండూ కావాలనే పెట్టాను. కులం ఏమిటని ఫారంలో అడిగితే జవాబు రాదు, అడగాల్సిన అవసరమూ లేదు. ఆ మనిషికి ఎదురైన అనుభవాన్ని అడిగితే వస్తుంది. చేపల కూర వాసన వస్తోందని ఒక కుర్రాణ్ణి కిటికీ పక్క టేబుల్‌కి పంపేసిన రోజు నాకు గుర్తుంది. అతను ఆ తర్వాత ఎప్పుడూ క్యాంటీన్‌కి రాలేదు. ఏ రిపోర్టులోనూ అది ఎక్కలేదు.

జెండర్ గడిలో స్త్రీ, పురుషుడుతో పాటు ట్రాన్స్‌జెండర్, చెప్పదలచుకోలేదు అన్నవి కూడా ఉండాలి. ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం 2019 ప్రకారం ప్రతి సంస్థలో వాళ్ల ఫిర్యాదులు చూడటానికి ఒక అధికారి ఉండాలి. ఆ పేరు మీ ఉద్యోగులకు తెలుసా అన్నది కూడా ఒక ప్రశ్నే.

హౌస్‌కీపింగ్ అమ్మల్ని, సెక్యూరిటీ అన్నల్ని, డ్రైవర్లని వదిలేయకండి. "వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు" అన్న మాటతోనే ఇంక్లూజన్ ఆగిపోతోంది. వాళ్లకు ఇంగ్లిష్ లింక్ పంపి లాభం లేదు. తెలుగులో, అవసరమైన చోట హిందీలో, ఉర్దూలో అచ్చువేసిన కాగితం ఇవ్వండి. చదవడం రానివాళ్లకు సూపర్‌వైజర్ కాని మనిషి చదివి వినిపించాలి. మడిచి వేయడానికి తాళం ఉన్న పెట్టె పెట్టండి. "అమ్మా, పేరు రాయక్కర్లేదు, ఎవరు వేశారో మాకూ తెలియదు" అని చెప్పండి, చెప్పినట్టే ఉండండి.

గోప్యత విషయంలో ఒక్క నియమం కచ్చితంగా పాటించండి. పది మంది కన్నా తక్కువ ఉన్న గుంపు ఫలితాల్ని విడిగా చూపించొద్దు. "ఫైనాన్స్, మహిళలు, 30 ఏళ్లలోపు" అని వడపోస్తే ఇద్దరే మిగులుతారు, ఎవరు ఏం రాశారో మేనేజర్ ఇట్టే పట్టేస్తాడు. ఒక్కసారి అలా జరిగితే మళ్లీ ఏ సర్వేలోనూ నిజం రాదు. వైకల్యం, ఆరోగ్యం లాంటివి చెప్పడం పూర్తిగా వాళ్ల ఇష్టం. ఎందుకు అడుగుతున్నారో, ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో ఫారం పైనే రాయండి. ఎంతమంది జవాబిచ్చారన్నది కూడా ఒక కొలతే. ఒక విభాగంలో సగం మంది ఖాళీగా వదిలేశారంటే, వచ్చిన జవాబుల కన్నా ఆ మౌనం గురించే ముందు ఆరా తీయాలి.

7. మీటింగ్‌లో గీతలు గీయండి

ఖర్చు లేని పద్ధతి ఇది. ఒక తెల్ల కాగితం మీద టేబుల్ చుట్టూ కుర్చీలు గుండ్రాలుగా గీయండి. ఎవరు మాట్లాడితే ఆ గుండ్రం పక్కన ఒక నిలువు గీత, మధ్యలో ఎవరైనా అడ్డుకుంటే ఒక ఇంటూ గుర్తు. ఇలా లెక్కపెడుతున్నామని ముందే అందరికీ చెప్పండి, పేర్లు రాయకండి. నాలుగు మీటింగ్‌లు చాలు. తెలుగు మీడియంలో చదివి శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ వాక్యం కూర్చుకునేలోపు మాట ఇంకొకరి చేతికి వెళ్లిపోవడం ఆ కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఎజెండా ముందురోజే పంపడం, అభిప్రాయాలు తెలుగులోనైనా చెప్పొచ్చనడం లాంటి మార్పులు చేశాక మళ్లీ నాలుగు మీటింగ్‌లు గీసి పోల్చండి.

8. ఫిర్యాదులు పెరిగితే కంగారు పడకండి

"ఈ ఏడాది పోష్ ఫిర్యాదులు: సున్నా" అన్న వాక్యాన్ని గర్వంగా రాస్తుంటారు. సున్నా అంటే వేధింపు లేదనీ కావచ్చు, చెప్పుకునే ధైర్యం లేదనీ కావచ్చు. తేడా తెలియాలంటే వేరే మూడు విషయాలు చూడాలి. కమిటీ సభ్యుల్లో ఒక్కరి పేరైనా చెప్పగలిగే ఉద్యోగులు ఎంతమంది? విచారణ చట్టం చెప్పిన 90 రోజుల్లో పూర్తయిందా? ఫిర్యాదు చేసిన మనిషి ఏడాది తర్వాత ఇంకా ఉద్యోగంలో ఉందా, ఆమె రేటింగ్ ఏమైంది? మూడోది చాలా ముఖ్యం. మిగతావాళ్లంతా చూసేది దాన్నే. మంచి శిక్షణ జరిగిన తర్వాత మొదటి ఏడాది ఫిర్యాదులు పెరగొచ్చు. తమకు వైకల్యం ఉందని చెప్పేవాళ్ల సంఖ్య కూడా అలాగే పెరగొచ్చు. నమ్మకం కుదిరిందనడానికి అవి గుర్తులు కావచ్చని మేనేజ్‌మెంట్‌కు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అంకె చూడగానే కార్యక్రమమే ఆపేస్తారు.

9. మన పని వల్లే మారిందా?

ఉద్యోగం మానేసేవాళ్లు తగ్గారంటే మనం పెట్టిన మెంటరింగ్ (సీనియర్లు కొత్తవాళ్లకు దారి చూపడం) వల్లే అనుకోవడం సహజం. మార్కెట్లో ఉద్యోగాలు లేక ఆగిపోయి ఉండొచ్చు కూడా. అందుకే కొత్త కార్యక్రమాన్ని అందరికీ ఒకేసారి మొదలుపెట్టకుండా, ముందు రెండు టీముల్లో, ఆర్నెల్ల తర్వాత మిగతావాటిలో మొదలుపెట్టండి. ఆ ఆర్నెల్లలో రెండు వైపులా ఏం జరిగిందో పోల్చితే తేడా తెలుస్తుంది. చట్టం ఇవ్వమన్న సౌకర్యాలను మాత్రం ఇలా విడతలుగా ఇవ్వకూడదు, అవి అందరికీ మొదటి రోజు నుంచే అందాలి.

అంకెలు చిన్నవైతే శాతాలు వాడకండి. ఇద్దరు దివ్యాంగ ఉద్యోగుల్లో ఒకరు వెళ్లిపోతే "50 శాతం మంది మానేశారు" అని రాయడం అర్థంలేనిది. అక్కడ వెళ్లిన మనిషితో అరగంట మాట్లాడండి. అదీ చివరి రోజు లాప్‌టాప్ అప్పగించే హడావుడిలో కాదు. మూడు నెలలు ఆగి ఫోన్ చేస్తే అసలు కారణం చెబుతారు.

10. తేలిందేమిటో వాళ్లకే ముందు చెప్పండి

సర్వే ముగిసిన నెలలోపు ఒక పేజీ కాగితం అందరికీ చేరాలి, క్యాంటీన్ గోడ మీద తెలుగులో కూడా అంటించాలి. అందులో మూడు భాగాలు చాలు: మీరు చెప్పింది, మేం చేస్తున్నది (ఎవరు, ఏ తేదీకి), ఇప్పుడు చేయలేకపోతున్నది, ఎందుకంటే. మూడో భాగం రాయడానికి మేనేజ్‌మెంట్ ఇష్టపడదు. పట్టుబట్టి రాయించండి. "లిఫ్ట్‌లో గొంతు ప్రకటన పెట్టమని బిల్డింగ్ ఓనర్‌ని అడిగాం, ఇంకా ఒప్పుకోలేదు, జూన్‌లో మళ్లీ అడుగుతాం" అని రాసి ఉంటే, జూన్‌లో ఎవరో ఒకరు మీ దగ్గరికి వచ్చి "ఏమైంది మేడం?" అని అడుగుతారు. ఆ తేదీని మీ క్యాలెండర్‌లో ఇవాళే వేసుకోండి.